మా అమ్మ వంటబుట్టకు కాటా పెట్టిన సంగతి

మా పడవకు పరిశీలకులుగా ఎవరొస్తున్నారో రాసి రేవు ఆఫీసు వాళ్లు కాగితం పంపారు. బావ దాన్ని రెండుసార్లు చదివి, కళ్లు నులుముకుని మూడోసారి చదివి, నా చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది మా అమ్మ పేరు.

బావ అంటే మా అక్క మొగుడు. పడవ ఆయనదే, కెప్టెనూ ఆయనే. నేను పన్నెండేళ్లుగా ఆ పడవలో వంటవాణ్ని. మా అమ్మ ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో కూర్చుని గోడ గడియారం చూస్తుంటే ఒళ్లు మొద్దుబారిపోతోందని, మాకెవరికీ ఒక్క ముక్కైనా చెప్పకుండా ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుందట.

ఆ ఉద్యోగం కొత్తది. రూలూ కొత్తదే. వలలో పడ్డ వంద కిలోల్లో యాభైకి మించి పనికిరానిదని తిరిగి సముద్రంలోకి తోసేస్తే, ఆ పడవ లైసెన్సు మూడు నెలలు ఆపేస్తారు. అది తేల్చడానికి ప్రతి పడవలోకీ ఒక పరిశీలకుడెక్కి మూడు రోజులు ఉంటాడు. మూడు నెలలు పడవ కట్టేశారంటే మా ఇంట్లోనే కాదు, పడవలో పనిచేసే అందరిళ్లలోనూ పొయ్యి వెలగదు. మాకు వేరే పని రాదు. బావ ఒకసారి గోడకు మేకు కొట్టబోతే గోడే పడిపోయింది.

"ఒరేయ్, మన అత్తయ్యేరా!" అని బావ ఎగిరి గంతేశాడు. "ఇక మనకు భయమేంటి? అల్లుడి పొట్ట కొడుతుందా ఆవిడ?"

నాకు మాత్రం ఆ ధైర్యం కలగలేదు. ఆయనకు ఆవిడ అత్తగారే, పండు చేతిలో పెట్టి పలకరించే అత్తగారు. నాకు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా లెక్కల టీచరు. ముప్పై అయిదు వస్తే పాసయ్యే పరీక్షలో సొంత కొడుక్కి ముప్పై నాలుగు వేసి ఫెయిల్ చేసిన మనిషి. ఒక్క మార్కు, నాయనా, ఒక్కటంటే ఒక్క మార్కు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బయలుదేరే రోజు అమ్మ తెల్లారేసరికే వచ్చేసింది. ఒక చేతిలో కొక్కేనికి తగిలించే కాటా, ఇంకో చేతిలో నాలుగు నోటుపుస్తకాలు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. పడవలో తిండి పరిశీలకులు ముట్టకూడదని రూలట, అందుకని మూడు రోజులకు సరిపడా రొట్టెలు డబ్బాలో కట్టుకొచ్చింది.

"రండి అత్తయ్యగారూ, రండి, జాగ్రత్త, అక్కడ తడిగా ఉంది," అంటూ బావ చెయ్యి అందించాడు.

అమ్మ ఆ చెయ్యి పట్టుకోకుండానే ఎక్కింది. "ఈ మూడు రోజులూ నేను మీ అత్తగారిని కాను కెప్టెన్ గారూ. డ్యూటీలో ఉన్నాను."

"మరి నేను?" అన్నాను.

"నువ్వు వంటవాడివి," అని అమ్మ నోటుపుస్తకం తెరిచింది.

బావ మొహం కాస్త వాడింది గానీ, నవ్వు మాత్రం వదల్లేదు.

పడవలో మేం అయిదుగురం. బావ, నేను, ఇంజిను చూసే డీజిల్, వల లాగే నిచ్చెన, చేపలు ఏరే సణుగుడు. వాళ్లకు అసలు పేర్లు ఉన్నాయి గానీ పడవలో ఎవరూ పిలవరు. నిచ్చెన ఎంత పొడుగంటే మా పడవ తలుపులన్నిటికీ పైన అతని నుదురు తగిలిన మచ్చలున్నాయి. సణుగుడు గురించి చెప్పక్కర్లేదు, పేరులోనే ఉంది.

మేం వెతికేది దొరచేప. అది మావాళ్లు పెట్టుకున్న పేరు. అయిదేసి కిలోలుంటుంది, అమ్మకానికి పెట్టక ముందే ఎగరేసుకుపోతారు. నేను పనిలో చేరినప్పుడు పడవకు రోజూ దొరికేది. ఇప్పుడు దాని జాడే లేదు. రొయ్యలూ చిల్లర చేపలతో నెట్టుకొస్తున్నాం. దొరచేప ఎందుకు పోయిందంటే బావ దగ్గర ఎప్పుడూ ఒక జవాబుంటుంది. ఒక ఏడాది నీళ్లు వేడెక్కాయన్నాడు, ఇంకో ఏడాది పెద్ద ఓడల చప్పుడన్నాడు. ఈ ఏడాది బొజ్జ కెప్టెన్ దొంగతనంగా ముందే వచ్చి పట్టుకుపోతున్నాడని తేల్చాడు. బొజ్జ కెప్టెన్ పడవ మా పక్కనే కడతారు. వాడెదురైతే బావ ఉమ్మేసి వెళ్లేవాడు.

మొదటి వల పైకొచ్చింది. నిచ్చెన వల అడుగు ముడి విప్పగానే అంతా డెక్కు మీద దబ్బున పడింది. మా పద్ధతి ఏమిటంటే, సణుగుడు కూర్చుని మంచివన్నీ ఏరి ఐసు పెట్టెల్లో వేస్తాడు, నిచ్చెన మిగిలిందంతా పారతో తోసి, పక్కనున్న కన్నంలోంచి సముద్రంలోకి పంపేస్తాడు. పన్నెండేళ్లలో ఆ పార కిందికి ఏం వెళ్తుందో మేమెవరం చూడలేదు. కళ్లముందే ఉంటుంది, అయినా చూడం. నిచ్చెనైతే ఆ పని చేసేటప్పుడు ఈల వేస్తాడు.

ఈ సారి ఈల సగంలో ఆగింది. అమ్మ వెళ్లి బూట్లతో కన్నానికి అడ్డంగా నిలబడింది.

"ఆగు నాయనా. తూచాలి."

"ఏంటి టీచరమ్మా, ఈ చెత్తనా?" అన్నాడు నిచ్చెన.

"చెత్తనే."

గంపల కొద్దీ తూచాం. అరచేతంత కూడా లేని పీతలు, ముళ్ల తోకల రొయ్యజాతి పురుగులు, పాములాంటి చేపలు, కాగితమంత పలచని చేపలు, నక్షత్ర చేపలు, బంతిలా ఉబ్బి మమ్మల్ని కోపంగా చూస్తున్న ఒక విషపు చేప. అందులో సగం అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. మిగిలిన సగం ఆ ప్రయత్నంలోనే ఉన్నాయి. అమ్మ లెక్క తేల్చింది. వలలో మొత్తం యాభై కిలోలు. మంచివి ఇరవై ఒకటి. పనికిరానివి ఇరవై తొమ్మిది.

"అంటే నూటికి యాభై ఎనిమిది, కెప్టెన్ గారూ."

డీజిల్ ఇంజిను గదిలోంచి తల బయట పెట్టాడు. నల్లటి మొహంలో రెండు కళ్లే కనిపిస్తున్నాయి. "అంటే ఏంటన్నా? నేను పది లీటర్లు కాలిస్తే, ఆరు లీటర్లు ఈ చెత్తను షికారు తిప్పడానికా?"

"నువ్వు లోపలికెళ్లు," అన్నాడు బావ.

"పొద్దున్నుంచీ ఏరుతున్నా, నా నడుం విరిగిపోయింది," అని సణుగుడు అందుకున్నాడు. "కింద నలిగిపోయిన రొయ్యలు చూశారా? ఈ పీతలన్నీ వాటి మీద ఎక్కి తొక్కేశాయి. వాటినీ ఎవడూ కొనడు. నా మాట ఎవరు వింటారు!"

ఆ మాటలు కూడా పన్నెండేళ్లలో ఎవరూ అనలేదు. ఎందుకంటే ఎవరూ తూచలేదు కదా. బావ మాత్రం మొదటి వల ఎప్పుడూ ఇంతేనని కొట్టిపారేశాడు. సాయంత్రం రెండో వల పడింది. అదీ యాభై ఎనిమిదే. అప్పటికి బావ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

చీకటి పడక ముందే నా వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఒరేయ్ బామ్మర్దీ, నీ వంటబుట్ట ఎక్కడ?"

వంటబుట్ట మా పడవల్లో పాత ఆచారం. పార పడకముందే వంటవాడు ఆ పనికిరాని కుప్పలోంచి తన బుట్ట నింపుకుంటాడు. మంచి చేపలు అమ్మకానికి, కుప్పలోవి మా కడుపులకు. ఆ బుట్టను ఎవరూ తూచరు, అడగరు. అందులో నా ఇష్టమే చట్టం.

"రూలు కాగితం చదివాను," అన్నాడు బావ గుసగుసగా. "సిబ్బంది తిండి చెత్త కింద లెక్కకు రాదట. ఒక్కో వలకు నాలుగు కిలోలు నీ బుట్టలో పడితే చాలు, సరిగ్గా యాభై దగ్గర ఆగిపోతాం. మూడు రోజులు, ఆరు వలలు, ఇరవై నాలుగు కిలోలు. ఎలా ఉంది నా బుర్ర?"

నిజం చెప్పొద్దూ, నాకూ అద్భుతంగానే తోచింది. బుట్ట నింపుకుని ఇద్దరం విజయగర్వంతో అమ్మ దగ్గరికి వెళ్లాం. బావ విషయం చెప్పాడు. అమ్మ కళ్లద్దాలు సవరించుకుని, జేబులోంచి రూలు కాగితం తీసింది.

"'సిబ్బంది తిన్నది' అని ఉంది, కెప్టెన్ గారూ. 'సిబ్బంది బుట్టలో వేసుకున్నది' అని లేదు."

"రెండూ ఒకటే కదండీ?"

"కాదండీ. ఎంత తింటే అంత రాస్తాను. మిగిలిందంతా చెత్త కిందికే వస్తుంది."

"మరి ముళ్లూ పెంకులూ?" అన్నాను.

అమ్మ ఒక క్షణం ఆలోచించింది. "అవి చెత్త కింద రాయను."

ఎంతైనా అల్లుడు కదా అని మెత్తబడిందనుకుని నా మనసు కరిగింది. అంతలోనే అమ్మ, "రూలులో అలాగే ఉంది," అంది.

అలా మొదలైంది మా తిండి. రోజుకు ఎనిమిది కిలోలు, మనుషులం అయిదుగురం. మొదటి రాత్రి అందరికీ సరదాగానే ఉంది. పాము చేపల వేపుడు, పీతల కూర. పీతల్లో కండ వెతకాలంటే భూతద్దం కావాలి గానీ రుచికి లోటు లేదు. నా చెయ్యి పడితే చెప్పు కూడా తినొచ్చని డీజిల్ మెచ్చుకున్నాడు. అదే అతను మెచ్చుకున్న ఆఖరి పూట.

రెండో రోజు మధ్యాహ్నానికే చుక్కలు కనిపించాయి. ముళ్ల తోకల పురుగులు వండితే, వాటిని ఒలిచే సరికి అందరి వేళ్లకూ గుడ్డలు కట్టాల్సొచ్చింది. ఏదో ఎర్రటి ముద్ద పడింది వలలో. అది చేపో, మొక్కో, ఎవరైనా పారేసుకున్న వస్తువో కూడా తెలియదు. దాన్ని రెండు గంటలు ఉడకబెట్టాను. నిచ్చెన మధ్యాహ్నం నోట్లో పెట్టుకున్న ముక్కను సాయంత్రం దాకా నమిలి, పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉందని చూపించాడు. నక్షత్ర చేపను వేయించమన్నది కూడా అతనే. వేయించాను. కటుక్కుమంది. విరిగింది పన్నే.

"పన్ను తూచాలా టీచరమ్మా?" అని ఏడుపు మొహంతో అడిగాడు.

"అక్కర్లేదు," అంది అమ్మ.

బావ మా మధ్య తిరుగుతూ పసిపిల్లలకు తినిపించినట్టు బతిమాలేవాడు. "ఒక్క ముద్ద, నా నాయన కదూ! ఇది లైసెన్సు కోసం. ఇది మీ వదిన కోసం. నోరు తెరవరా డీజిల్, బాబ్బాబు!" ప్రతి పూట చివరా అమ్మ కుండ తూచి, ఇంకెంతుందో ప్రకటించేది. "ఇంకా కిలో మూడు వందలు." ఆ గొంతు వింటే చాలు, డీజిల్ ఇంజిను వెనక దాక్కునేవాడు. అతన్ని కాళ్లు పట్టుకుని లాక్కొచ్చేవాళ్లం. సణుగుడు ఆ రోజు అసలు సణక్కుండా గబగబా తినేసి లేస్తుంటే నాకు అనుమానం వచ్చింది. అమ్మకు అంతకు ముందే వచ్చింది.

"బాబూ, ఆ బూటు ఇలా ఇవ్వు."

ఎడమ బూటులో ఆరు వందల గ్రాములు బయటపడింది. నా కూర! నా చేత్తో తాలింపు వేసిన కూర! గరిటె పట్టుకుని డెక్కు చుట్టూ మూడుసార్లు తరిమాను. పట్టుకుని ఉంటే ఏం చేసేవాణ్నో నాకే తెలియదు. కానీ పొట్టలో ఉన్న బరువుకు ఇద్దరం పరుగెత్తలేక నాలుగో చుట్టులో ఒకరికెదురుగా ఒకరం కూలబడి రొప్పుతూ ఉండిపోయాం.

మూడో రోజు మధ్యాహ్నానికి ఆరో వల కూడా తూచడం అయిపోయింది, అన్నీ అదే లెక్క. అప్పటికి ఇరవై ఒక్క కిలోలు తిన్నాం. మిగిలింది మూడంటే మూడు కిలోలు. అందరి నడుం బెల్టులూ ఊడిపోయి ఉన్నాయి, కానీ మొహాల్లో వెలుగొచ్చింది. ఈ ఒక్క పూటా గట్టెక్కితే లైసెన్సు మాదే.

కుప్పలో తినదగ్గవి అంతకు ముందే అయిపోయాయి. చిటికెన వేలంత వెండి చేపలు మాత్రం కొన్ని వందలున్నాయి. అంత చిన్నవాటిని నేనెప్పుడూ బుట్టలోకి తీసుకోలేదు. బాగుచేయడానికి ఓపిక ఉండద్దూ? ఆ రోజు వేరే దారి లేక తీసుకున్నాను. తలలు తీయకుండా, కడిగి, అలాగే మొత్తం కుండలో వేశాను. మసాలా దట్టించాను. వాసనకు నాకే నోరూరింది.

అందరూ కూర్చున్నారు. అమ్మ పెన్ను తెరిచింది. బావ మొదటి ముద్ద ఎత్తి, "జయం!" అన్నాడు.

కటుక్.

"వంట మాస్టారూ," అన్నాడు సణుగుడు, "కూరలో రాయి."

నా చెవులు వేడెక్కాయి. "ఏమన్నావ్?"

"రాయి తగిలింది మాస్టారూ."

"నా కూరలోనా? పన్నెండేళ్లలో ఎవడైనా నా కూరలో రాయి చూశాడా? బూట్లో పోసుకున్నోడివి నువ్వా నాకు చెప్పేది?"

కటుక్. ఈసారి డీజిల్. "మాస్టారూ, తప్పుగా అనుకోకు..."

కటుక్, కటుక్. నిచ్చెన చెంప పట్టుకుని, ఉన్న పళ్లు నాలుకతో లెక్కపెట్టుకుంటున్నాడు.

"నాక్కూడా తగిలాయిరా," అన్నాడు బావ మెల్లగా. "ఇసక సరిగా కడగలేదేమో."

అంతే, నాకు తిక్క రేగింది. వంటవాణ్ని ఏమన్నా అనండి, కడగలేదు అనకండి. ఏడుసార్లు కడిగాను! వాళ్లు కంచాల అంచున ఊసిన రాళ్లన్నీ ఏరి, మంచినీళ్లతో కడిగి, అరచేతిలో వేసుకుని బావ ముక్కు ముందు పెట్టాను. "చూడు! ఇది ఇసకా? కళ్లు పెట్టుకుని చూడు!"

బావ చూశాడు. నేనూ అప్పుడే చూశాను. తెల్లగా, నూకంత ఉన్నాయి. అన్నీ ఒకే ఆకారం. ప్రతిదానికీ పక్కన ఒక చిన్న గాడి.

బావ నమలడం ఆపేశాడు. చొక్కా లోపలికి చెయ్యి పెట్టి మెడలో తాడు బయటికి లాగాడు. మా రేవులో ప్రతి కెప్టెన్ మెడలోనూ అలాంటిది ఉంటుంది. మొదటి దొరచేప పట్టినప్పుడు దాని తలలోంచి తీసిన రాయి. దొరచేప తలలో రెండు చెవుల దగ్గరా చెరో తెల్ల రాయి ఉంటుంది. రాయి ఎంత పెద్దదైతే ఆ కెప్టెన్‌కు అంత గొప్ప. బావది చిక్కుడు గింజంత ఉంటుంది. దాన్ని నా అరచేతిలో ఆ నూకల పక్కన పెట్టాడు. అదే ఆకారం. అదే గాడి.

"ఏమిటవి?" అంది అమ్మ.

బావ రెండిటినీ మార్చి మార్చి చూశాడు. "దొరచేప పిల్లలు," అన్నాడు.

ఆయన ఒక్కసారిగా కుండ తన ముందుకు లాక్కుని, ఒక్కో చేప తల వేళ్లతో చిదిమి చూడసాగాడు. ఒక్కో తలలో రెండు. అందరం కూర్చుని చిదిమాం. సణుగుడు కూడా నోరెత్తలేదు. కంచాల్లోవి, కుండలోవి అన్నీ కలిపి అమ్మ లెక్కపెట్టింది.

"ఆరు వందల పన్నెండు," అంది. "అంటే మూడు వందల ఆరు చేపలు."

"ఒక్కోటి అయిదు కిలోలు," అన్నాడు డీజిల్ నోరు తెరుచుకుని.

"అన్నీ బతకవు," అంది అమ్మ. "కొన్నిటిని వేరే చేపలు తింటాయి, కొన్ని జబ్బు చేసి పోతాయి. సరిగ్గా ఎన్ని బతుకుతాయో నాకు తెలియదు. పదింటికి ఒకటే బతికిందనుకుందాం. ముప్పై." పెన్ను కాగితం మీదే ఉంచి తలెత్తింది. "పోయిన ఏడాది మొత్తం మీకు ఎన్ని దొరికాయి, కెప్టెన్ గారూ?"

బావ కుండలోకే చూస్తున్నాడు. నిచ్చెన చెప్పాడు, "పదకొండు."

"ఈ ఏడాది?"

"రెండు."

నీళ్లు వేడెక్కలేదు, ఓడలు చప్పుడు చేయలేదు అని నేననను. నాకు తెలియదు. కానీ ఆ కుండ ఒక్క వలది. ఆ వల ఒక్క పూటది. నిచ్చెన ఈల వేస్తూ పన్నెండేళ్లు రోజుకు రెండుసార్లు పారతో తోసిందేమిటో ఆ క్షణంలో మా అందరికీ ఒకేసారి తట్టింది. నిచ్చెన తన పొడుగాటి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో దాచుకున్నాడు.

నాకు మాత్రం అక్క గుర్తొచ్చింది. కుండ తూచి చూశాను. ఇంకా రెండు కిలోల వంద గ్రాములు ఉంది.

"బావా, ముందు తినేద్దాం. తర్వాత కావాలంటే అందరం కలిసి ఏడుద్దాం. చచ్చినవి ఎలాగూ చచ్చాయి, సముద్రంలో వేస్తే లేచొస్తాయా? రేవు చేరడానికి ఇంకో రెండు గంటలుంది. నువ్వు తినకపోతే మానెయ్, నేనొక్కణ్నే లాగించేస్తాను. లైసెన్సు కావాలా, వద్దా?"

బావ ఒక ముద్ద ఎత్తాడు. నోటి దాకా తీసుకెళ్లాడు. మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"తింటాంరా. తింటే లైసెన్సు ఉంటుంది. ఉంటే ఎల్లుండి ఇదే వల వేసుకుని ఇక్కడికే వస్తాం," అన్నాడు. "వచ్చి ఏం పడతాం? చెప్పు, ఏం పడతాం?"

నాకు కోపం ముంచుకొచ్చింది.

"రాయండి అత్తయ్యగారూ," అన్నాడు బావ. "రెండు కిలోల వంద, చెత్త కిందే రాయండి."

మూడు రోజుల్లో మొదటిసారి అమ్మ పెన్ను కదల్లేదు. "ఇంకా టైముంది, అల్లుడుగారూ," అంది. కెప్టెన్ గారూ అనలేదు. "కాస్త కాస్తగా తినండి. నీళ్లు తాగుతూ తినండి. రేపు నా కూతురి మొహం నేనెలా చూడను?"

"నేను చెప్పుకుంటాను. మీరు రాయండి."

అమ్మ రాసింది. నూటికి యాభై పాయింటు ఏడు. రాసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. బావ సంతకం పెట్టాడు. నేను లేచి వెళ్లి, గిన్నెలన్నీ దభీదభీమని కడిగాను. ఒక గిన్నె సొట్ట పడింది కూడా. ఎవరి మీద కోపమో తెలిస్తే వాళ్లనే తిట్టి ఊరుకునేవాణ్ని.

మర్నాడు రేవు ఆఫీసులో పద్నాలుగు పడవల పుస్తకాలూ బల్ల మీద పెట్టారు. అధికారి ఒక్కోటీ తెరిచి బయటికి చదివాడు. నలభై తొమ్మిది. నలభై తొమ్మిది. నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. పరిశీలకుల్లో సగం మందికి సముద్రం పడక వాంతులతో తల ఎత్తడానికే తీరలేదట, వంటబుట్టల లెక్క కెప్టెన్లు చెప్పిందే రాసేశారట. మా పుస్తకం దగ్గరకొచ్చి అధికారి ఆగాడు. మా వైపు జాలిగా చూశాడు.

"ఏమయ్యా వంటవాడా, ఇంకో గరిటెడు తినిపించలేకపోయావా?"

గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది బొజ్జ కెప్టెన్. ముద్ర వేసిన లైసెన్సుతో బొజ్జ మీద టపటపా కొట్టుకుంటూ మా వెంట బయటి మెట్ల దాకా వచ్చాడు. బావ ఎవరి వైపూ చూడకుండా ముందుకెళ్లిపోయాడు. అక్కకు ఇంకా చెప్పలేదాయన.

"మా వంటవాణ్ని చూసి నేర్చుకోరా," అన్నాడు బొజ్జ కెప్టెన్ నాతో. "మా నలుగురూ మూడు రోజుల్లో నలభై కిలోలు లాగించారు, తెలుసా? మెతుకు మిగల్లేదు!"

"నలభై కిలోలా? అంతలో పంటికింద రాళ్లేం పడలేదా అన్నా?"

"రాళ్లేంట్రా?"

జేబులో ఆ రాళ్ల పొట్లం ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు, పారేయబుద్ధి కాలేదు. విప్పి చూపించాను. బొజ్జ కెప్టెన్ వంగి చూశాడు. చెయ్యి తనంతట తానే మెడలో తాడు మీదికి వెళ్లింది. ఆ రేవులో ఏ కెప్టెన్‌కూ ఆ ఆకారం చెప్పాల్సిన పని లేదు.

"ఎక్కడివిరా ఇవి?"

"ఒక్క కుండలోవి. చిటికెన వేలంత చేపలు, వెండి రంగువి. మీ కుప్పలోనూ ఉండే ఉంటాయి. మీవాళ్లు నలభై కిలోలు తిన్నారన్నావుగా, ఎవరికీ తగల్లేదా?"

అతను అటూ ఇటూ చూశాడు. లైసెన్సు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి, "తినలేదురా," అన్నాడు. "ఎవడు తింటాడు అదంతా? చూడను కూడా లేదు. బుట్టలకు బుట్టలు సముద్రంలోకి ఒంపేశాం."

నా నోట్లోకి తిట్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. కానీ అతని మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. అతని చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, పొట్లంలోని రాళ్లన్నీ అందులో పోశాను.

"లెక్కపెట్టుకో అన్నా. రెండింటికి ఒక చేప."

బొజ్జ కెప్టెన్ నిలబడే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వంద దాటాక మెట్ల మీద కూర్చున్నాడు.